కార్బన్ పన్నా, పర్మిట్లా: ఏది మేలు?

బొగ్గు, చమురు కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు ధర కట్టాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. టన్నుకు ఇంతని ప్రభుత్వమే పన్ను వేయడం ఒకటి. మొత్తం ఉద్గారాలకు పరిమితి పెట్టి, ఆ మేరకే పర్మిట్లిచ్చి, వాటిని కొనుక్కోమని, అమ్ముకోమని కంపెనీలకు వదిలేయడం రెండోది. పన్నులో ధర ముందే తెలుస్తుంది, ఉద్గారాలు ఎంత తగ్గుతాయో తెలియదు. పర్మిట్లలో సరిగ్గా దీనికి తలకిందులు.

వాతావరణం ఒక్కటే చూస్తే పర్మిట్లదే పైచేయి. ఆర్థిక వ్యవస్థ కుంగినప్పుడే అసలు చిక్కు. యూరోపియన్ యూనియన్ 2005లో ఈ మార్కెట్ తెరిచింది. 2008 మాంద్యంలో ఫ్యాక్టరీలు నెమ్మదించాయి, పర్మిట్లు కుప్పలుగా మిగిలిపోయాయి. 2013లో టన్నుకు పర్మిట్ ధర 5 యూరోల దరిదాపులకు పడింది. ఒక మెగావాట్ అవర్ (వెయ్యి యూనిట్ల) కరెంటుకు బొగ్గు ప్లాంటు సుమారు ఒక టన్ను వదిలితే, గ్యాస్ ప్లాంటు 0.4 టన్ను వదులుతుంది. అంటే టన్ను 5 యూరోలైనప్పుడు రెండింటికీ తేడా 3 యూరోలే. దానికోసం బొగ్గు మానేసేదెవరు? అదే టన్ను 50 యూరోలైతే తేడా 30. అప్పుడు ప్లాంటు మేనేజరు మళ్లీ లెక్కలు వేసుకోక తప్పదు.

పన్నుకు ఈ ఒడిదొడుకులు లేవు. స్వీడన్ 1991లో తక్కువ రేటుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయింది, ఆదాయపు పన్ను తగ్గించింది. ఉద్గారాలు తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ పెరిగింది. అయితే పన్ను అందరి కంట్లో పడుతుంది. 2018లో ఫ్రాన్స్ ఇంధన పన్ను పెంచబోతే జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పర్మిట్ల ఖర్చు కూడా చివరికి కరెంటు బిల్లులోకే వస్తుంది, కాకపోతే దానికి పేరు ఉండదు. రాజకీయ నాయకులకు కావలసిందీ అదేనేమో!

నా ఓటు మాత్రం ఇంతకంటే తగ్గకూడదని కనీస ధర పెట్టిన పర్మిట్లకే. ధర మరీ పడిపోకుండా బ్రిటన్ 2013 నుంచి మార్కెట్ ధర మీద తన సొంత పన్ను కలిపింది. 2012లో అక్కడి కరెంటులో సుమారు 40 శాతం బొగ్గుదే. చివరి బొగ్గు ప్లాంటు 2024 సెప్టెంబరు 30న మూతపడింది. గ్యాస్, గాలి మరలు అందుబాటులో ఉండటం కూడా కలిసొచ్చింది.

అయితే పర్మిట్ల వేలాలు నడిపి, ప్రతి పొగగొట్టాన్నీ లెక్కగట్టే యంత్రాంగం లేని దేశానికి పన్నే నయం. ఇంధనం రేవులో దిగేటప్పుడో, రిఫైనరీ గేటు దాటేటప్పుడో వసూలు చేసుకుంటే సరిపోతుంది.