త్రిఫల మాత్రలో గాలిక్ ఆమ్లం: నీలిరంగును నమ్మాలా, పీక్‌ను నమ్మాలా?

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. మొదటి రెండూ ఏటూరునాగారం అడవుల్లో ఏరుకునే కాయలే. మూడూ పొడై త్రిఫల మాత్రగా మారాక అందులో గాలిక్ ఆమ్లం (ఈ కాయల్లో సహజంగా ఉండే ఒక ఆమ్లం) ఎంతుందో తేల్చమంటే, హనుమకొండలో ప్రాజెక్టు చేసే ఫార్మసీ విద్యార్థి ముందుగా చూసేది ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ యంత్రం వైపు. అది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది మరి.

ఆ పద్ధతి తేలిక. మాత్ర సారానికి ఫోలిన్ అనే రసాయన కారకం, సోడియం కార్బొనేట్ కలిపితే నీలిరంగు వస్తుంది. 760 నానోమీటర్ల దగ్గర దాని గాఢత కొలుస్తారు. ఒక పూటలో ఇరవై నమూనాలు పూర్తవుతాయి. చిక్కేమిటంటే, ఆ కారకానికి గాలిక్ ఆమ్లం మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కరక్కాయకు వగరునిచ్చే టానిన్లు, ఉసిరిలోని విటమిన్ సి కూడా దాన్ని నీలంగా మారుస్తాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి, మొక్కజొన్న ఒకే లారీకెత్తి కాటా వేసి, అంతా మిర్చి బరువే అన్నట్టుంటుంది. అందుకే ఫలితాన్ని ‘గాలిక్ ఆమ్ల సమానం’ అని రాయాలి. ఆ ‘సమానం’ ఎగిరిపోయిన రిపోర్టులు ఎన్ని దిద్దానో!

హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం, ద్రావకాన్ని ఎక్కువ ఒత్తిడితో కాలమ్ అనే గొట్టంలోంచి నడిపి, మిశ్రమాన్ని విడదీసి కొలుస్తుంది. సారాన్ని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడపోసి సీ18 రకం పొడి నింపిన కాలమ్‌లోకి పంపి, 272 నానోమీటర్ల దగ్గర చూస్తాం. ఒక్కో పదార్థం బయటికొచ్చినప్పుడు గ్రాఫ్‌లో ఒక శిఖరం లేస్తుంది, అదే పీక్. అయితే గాలిక్ ఆమ్లం నీటిలో సులువుగా కలిసే చిన్న అణువు, కాలమ్‌లో ఎక్కువసేపు నిలవదు. మొబైల్ ఫేజ్‌లో, అంటే కాలమ్‌లోంచి పారే ద్రావకంలో, అసిటోనైట్రైల్ అనే ద్రవం కాస్త ఎక్కువైతే చాలు, ద్రావకంతో పాటే బయటికొచ్చి మిగతా వాటిలో కలిసిపోతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 3 కంటే కిందికి దించితే అది అయాన్‌గా మారకుండా ఉంటుంది, పీక్ సూటిగా లేస్తుంది. పీక్ రాగానే ద్రావకం పరుగు ఆపేసే తొందర మాత్రం వద్దు. వెనకబడ్డ టానిన్లను అసిటోనైట్రైల్ పెంచి కడిగెయ్యకపోతే తర్వాతి ఇంజెక్షన్‌లో దయ్యాల్లా తేలతాయి.

ఖర్చు, సమయం రెండింటిలోనూ ఫోలిన్‌దే పైచేయి. ఒకే తయారీదారు మాత్రల్లో బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా పసిగట్టడానికి అది చాలు. ముడిపొడిలో మూడు కాయలూ ఉన్నాయో లేదో చూడాలంటే పలక మీది పలుచని పొరపై మిశ్రమాన్ని విడదీసే హెచ్‌పీటీఎల్‌సీ నయం. సీసా మీద గాలిక్ ఆమ్లం ఇంత అని అచ్చువెయ్యాలంటే మాత్రం హెచ్‌పీఎల్‌సీయే, అదీ స్వచ్ఛమైన గాలిక్ ఆమ్లాన్ని కనీసం అయిదు తెలిసిన గాఢతల్లో కొలిచి, పోల్చడానికి స్టాండర్డ్ గీత గీశాకే.

హెచ్‌పీఎల్‌సీని కూడా బోల్తా కొట్టించే పని ఒకటుంది. మాత్ర పొడిని ఆమ్లంలో మరిగిస్తే కరక్కాయ టానిన్లు విరిగి కొత్త గాలిక్ ఆమ్లం పుడుతుంది. యంత్రం దాన్నీ నిజాయితీగానే లెక్కపెడుతుంది. స్వేచ్ఛగా ఉన్నదాన్నే కొలవాలనుకుంటే సారం వేడి చెయ్యకుండా తీయాలి. మరిగించి ఉంటే ఆ సంగతి అంకె పక్కనే రాయాలి.