వాహినీ ఫ్లోరు ఎక్కడుండేది?

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి చెన్నై సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే బండి మారే పని లేకుండా వడపళనిలో దిగవచ్చు. నాన్నకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. లిఫ్టు, చల్లదనం చూసి మద్రాసుకు నూటికి నూరు మార్కులు వేసేశారు. స్టేషన్ బయటికి వచ్చాక కోత మొదలైంది.

వయసులో ఉన్నప్పుడు ఆయన విజయా వాహినీ స్టూడియోలో సెట్లకు రంగులు వేసేవారు. ఇప్పుడు ఆ ఆవరణలో ఒక మాల్ ఉంది, 2013లో తెరిచారు. ఎస్కలేటర్ పక్కన ఆగి, చెప్పు అంచుతో నేల మీద గీత గీసి, "ఇటు నుంచి అటు గోడ దాకా ఒకటే షూటింగ్ ఫ్లోరు" అన్నారు. నమ్మకం కుదరక కాపలా కుర్రాడిని తమిళంలో అడిగారు. వాడికి తమిళం రాదు. పెద్దాయన అవసరం ఇంకేదో అనుకుని హిందీలో బాత్‌రూమ్‌కు దారి చూపించాడు. నాన్న వాడికి దండం పెట్టి మరీ అటే వెళ్లారు.

మొదటి రాత్రి బస టి. నగర్ వెనక వీధిలో, హోటలుగా మార్చిన పాత ఇంట్లో. గది 4,800 రూపాయలు. పరుపు, నీళ్లు, శుభ్రత దేనికీ వంక పెట్టలేను. హాల్లో ఆ ఇంటివాళ్ల టేకు ఉయ్యాల బల్ల అలాగే ఉంచారు, దాని మీద 'కూర్చోరాదు' అన్న బోర్డుతో. ఫిల్టర్ కాఫీ 190. డబరా మాత్రం తళతళలాడింది.

పాండీ బజారులో 2019లో వేసిన వెడల్పాటి కాలిబాట నిజంగా వరం, నాన్న ఎక్కడా ఆగకుండా నడిచారు. ఒకప్పుడు అక్కడ పరచుకుని అమ్మిన చిరువ్యాపారులను అంతకు ముందే కార్పొరేషన్ భవనంలోకి మార్చారు. అమ్మ చెప్పిన చీర పిన్నుల కోసం మెట్లెక్కి అక్కడికే వెళ్లాం. బేరం బతికే ఉంది, ఎండే లేదు. అన్నట్టు, టి. నగర్‌కు పేరిచ్చిన త్యాగరాయ శెట్టి, పక్కనున్న పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా ఇద్దరూ తెలుగువాళ్లే.

ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్‌లో టిఫిన్ చేయాలన్నది నాన్న కోరిక. అది 2008లోనే మూతపడింది. ఆ చోట ఉన్న సెమ్మొళి పూంగా అనే పార్కులో చెట్ల కింద కాసేపు కూర్చుని వచ్చేశాం.

రెండో రాత్రి వడపళని గుడి దగ్గర లాడ్జి, 1,300. నీళ్లలో ఉప్పు, రాత్రంతా దోమలు. కానీ గుమాస్తా నెల్లూరాయన. స్టూడియో గేటు ఏ వైపు ఉండేదో నాన్నతో గంటసేపు వాదించాడు, కాఫీ తనే తెప్పించాడు. మళ్లీ వెళితే దోమతెర పట్టుకుని అక్కడికే.