విశాఖపట్నం స్టేషన్: 8 ప్లాట్‌ఫారాలు, ఒకటే గొంతు

హౌరా–చెన్నై మార్గంలోని విశాఖపట్నం స్టేషన్‌లో 8 ప్లాట్‌ఫారాలు ఉన్నా, దాని సామర్థ్యాన్ని ఆ అంకెతో కొలవడం పొరపాటు. హౌరా వైపు నుంచి వచ్చిన బండి చెన్నై వైపు సాగాలంటే వచ్చిన దిక్కుకే వెనుదిరగాలి. ఒక కొసన ఇంజన్ విప్పి, రెండో కొసన ఇంజన్ తగిలించి, గాలి గొట్టాలు కలిపి, బ్రేకులు పరీక్షించేదాకా ఆ ప్లాట్‌ఫారం మరో బండికి దక్కదు. రెండు కొసలా డ్రైవరు గది ఉన్న వందే భారత్‌కు ఈ తంటా లేదనుకోండి. పైగా వచ్చేవీ పోయేవీ ఒకే గొంతు గుండా, అంటే ప్లాట్‌ఫారాల పట్టాలన్నీ కలిసే ఇరుకు చోటు గుండా, నడవాలి గనుక, ఒకటి పట్టాలు మారుతుంటే ఇంకొకటి సిగ్నల్ దగ్గర ఆగక తప్పదు. స్టేషన్‌లోకి రాకుండా నగర శివారులోని దువ్వాడ స్టేషన్ మీదుగా పోయే బండ్లు భారం తగ్గిస్తున్నాయి గాని, నగరవాసులు సామాన్లతో అంతదూరం వెళ్లాల్సి వస్తోంది. నా అంచనాలో ఇక్కడ కొత్త ప్లాట్‌ఫారాలకన్నా ఆ గొంతు దగ్గర అదనపు లైన్లే ముందు అవసరం.