ఆగిపోయిన ఆర్పీ: మానేయడమా, లాక్కురావడమా, దాటేయడమా?

"అక్కా, నాలుగు థ్రెడ్లలో రిప్లైలు బాకీ ఉన్నాను. ఒక్కటీ రాయబుద్ధి కావడం లేదు. కొన్నాళ్ళు మానేయనా, ఎలాగోలా కూర్చుని రాసేయనా?"

ఈమధ్య ఈ ప్రశ్న నాకు రకరకాల మాటల్లో ఏడెనిమిది సార్లు వచ్చింది. అడిగినవాళ్ళలో డిగ్రీ పిల్లలున్నారు, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్‌లో టైప్ చేసుకునే తల్లులున్నారు. ఆర్పీ అంటే రోల్‌ప్లే, ఆన్‌లైన్‌లో చెరో పాత్ర తీసుకుని వంతులవారీగా కథ రాసుకోవడం; అలా నడిచే ఒక్కో కథా ఒక్కో థ్రెడ్. అలా రాసుకునేవాళ్ళకి ఈ జబ్బు గురించి విడిగా వర్ణించక్కర్లేదు. నేనూ దసరా నుంచి సంక్రాంతి దాకా అందులోనే కూరుకుపోయి, పైన చెప్పిన రెండూ చేసి చూసి, చివరికి మూడోది చేశాను. కాబట్టి నా మాటలో కాస్త మొగ్గు ఉంటుంది. అది ముందే తెలిసి చదవండి.

నేనుండేది విజయనగరం. నాతో రాసేది పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో లెక్కలు చూసే కుర్రాడు. మా కథ పాత కళింగపట్నం రేవులో జరుగుతుంది. నాది లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే ఆవిడ పాత్ర, అతనిది ఓడ సరంగు పాత్ర. తుఫాను రాత్రి దీపం ఆరిపోయింది, ఓడ దెబ్బతింది. సరంగు తడిసిన బట్టలతో మెట్లెక్కి వచ్చి "ఎందుకు ఆర్పావు?" అని అడిగాడు. అక్కడ ఆగింది. ఆగింది అంటే రాయడం ఆపామని కాదు. ఇద్దరం కలిసి పదకొండు పోస్టులు రాశాం. అతను కోపంగా చూశాడు, ఆవిడ తల దించుకుంది, బయట గాలి వీచింది, మళ్ళీ అతను చూశాడు. అతను మూడు పేరాలు రాస్తే నేను నాలుగు రాయాలనిపించేది, నేను నాలుగు రాస్తే అతను ఐదు. పేరాలు పెరిగాయి గానీ సరంగు మాత్రం ఒక్క మెట్టు కదల్లేదు.

ఆ వారమే పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఇంటినిండా చుట్టాలు. "పండగ అయ్యాక రాస్తాను తమ్ముడూ" అన్నాను. పండగ అయ్యి నలభై రోజులైంది. ఒకరోజు మెసేజ్ వచ్చింది: "ఏటక్కా, మా సరంగు ఇంకా మెట్లమీదే నిలబడున్నాడేటి? కాళ్ళు పీకేస్తన్నాయంట."

నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఏది మేలు అన్న ప్రశ్నకి నా జవాబు ఆ మెసేజ్‌లోనే ఉంది. ఒంటరిగా కథ రాసుకునేవాళ్ళకి కలం ఆగితే అది వాళ్ళ గొడవ. మన దగ్గర అలా కాదు, మనం ఆగితే ఇంకొకరి పాత్ర మెట్లమీద నిలబడిపోతుంది. అందుకే ఏ పద్ధతినైనా నేను తూచేది ఒక్క తూకంతోనే: మనం రాయని రోజుల్లో అవతలివాళ్ళ చేతిలో ఏం మిగులుతుంది?

దానికి ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మీది బ్లాకా, అంటే ఒకచోట కలం ఆగి కదలకపోవడమా, లేక బర్నౌటా, అంటే మనిషే అలసిపోవడమా? రెంటినీ కలిపేసి మాట్లాడతాం గానీ మందు ఒకటి కాదు. బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో వివరించింది. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం, ఈ మూడూ దాని గుర్తులు. ఉద్యోగానికి సంబంధించి తప్ప జీవితంలో మిగతా వాటికి ఆ మాట వాడకూడదని కూడా అక్కడే రాసింది. మనది జీతం లేని సరదా కదా, మనకి వర్తించదనుకోవచ్చు. కానీ రాత్రి పదకొండింటికి కళ్ళు మూతలు పడుతుంటే "ఈరోజు ఇంకా మూడు రిప్లైలు ఇవ్వాలి" అని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నామంటే సరదాని మనమే ఉద్యోగం చేసేసుకున్నట్టు.

నేను చూసుకునే పద్ధతి చాలా మోటుది. ఆగిన థ్రెడ్ పక్కన పెట్టి, వేరే సీను ఏదైనా ఐదు లైన్లు రాసి చూస్తాను. చెయ్యి సాగితే అది బ్లాక్, తప్పు ఆ సీనులో ఉంది. ఏదీ సాగక, నోటిఫికేషన్ మోత వింటేనే గుండె బరువెక్కుతుంటే బర్నౌట్, తప్పు సీనుది కాదు.

ఇక మానేయడం సంగతి. బర్నౌట్ అయితే ఇది తప్ప వేరే దారి లేదు, ఇందులో వాదన అక్కర్లేదు. కానీ మానేయడంలో చెప్పి మానేయడం, చెప్పకుండా మానేయడం అని రెండున్నాయి. నేను చేసింది రెండోది. మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నుంచి ఫోన్ తీయాలంటేనే భయం. ఆలస్యం పెరిగేకొద్దీ "ఇంత లేటుగా ఇస్తున్నాను కాబట్టి రిప్లై అదిరిపోవాలి" అనిపిస్తుంది, అదిరిపోవాలనుకున్న కొద్దీ మొదటి వాక్యమే రాదు. పైగా మాది బ్లాక్, బర్నౌట్ కాదు. బ్లాక్‌కి విరామం తీసుకుంటే సీను దానంతటది బాగుపడదు. నెల తర్వాత తెరిచి చూస్తే సరంగు అక్కడే, అదే మెట్టుమీద ఉన్నాడు. ఆ రాత్రి ఆవిడ చేతిలో లాంతరు ఉందో లేదో కూడా నాకు గుర్తులేదు, అంతా మళ్ళీ చదవాల్సి వచ్చింది.

నా తూకంలో వేస్తే, చెప్పకుండా మానేస్తే అవతలివాళ్ళ చేతిలో మిగిలేది ఎదురుచూపు ఒక్కటే. చెప్పి మానేస్తే కొంత మిగులుతుంది. చెప్పడం అంటే "కొంచెం బిజీ" అని కాదు, తారీఖు చెప్పాలి. "సంక్రాంతి దాటేదాకా రాయను, ఈలోపు నీ సరంగుని వేరే రేవుకి తీసుకెళ్ళి ఇంకెవరితోనైనా రాసుకో, నాకేం అనిపించదు." ఆ చివరి ముక్క ముఖ్యం. చాలామంది మర్యాద కోసం ఖాళీగా కూర్చుంటారు, వాళ్ళని వదిలేయాల్సింది మనమే.

రెండోది, బలవంతంగా అయినా రోజూ కొంచెం రాయడం. సలహాలు ఇచ్చేవాళ్ళకి ఇది మహా ఇష్టం. ఇందులో నిజం లేకపోలేదు. 1980లో మైక్ రోజ్ అనే అమెరికా పరిశోధకుడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పదిమంది విద్యార్థులు ఎలా రాస్తారో పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్ళు, ఐదుగురు ఆగనివాళ్ళు. ఆగిపోయేవాళ్ళకి తెలివి తక్కువై కాదు, మొదటి పేరా గొప్పగా ఉండి తీరాలి అన్నలాంటి నియమాలను పట్టుకుని వేలాడటం వల్ల ఆగిపోతున్నారని తేల్చాడు. మన దగ్గర ఆ నియమాలకి కొదవా? రిప్లై మూడు పేరాలకి తగ్గకూడదు, అవతలివాళ్ళు ఎంత రాస్తే అంత రాయాలి, మనసులో అనుకున్నది ఇంత, ఒంటికి తగిలిన గాలి ఇంత. ఈ కొలతలు తీసేస్తే సగంమందికి చెయ్యి సాగుతుంది.

మన వైపు జముకుల కథ చూసినవాళ్ళకి తెలుసు. కథ చెప్పేవాళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు వంత పాడేవాళ్ళు ఆ పాదాన్ని అందుకుంటారు. వాళ్ళేమీ కొత్త కథ కట్టరు, కానీ కథ కింద పడకుండా పట్టుకుంటారు. చిన్న రిప్లై చేయాల్సిన పని అదే. రెండు లైన్లయినా సరే, అవతలివాళ్ళు అందుకోవడానికి అందులో ఒక కొస ఉండాలి. ఒక ప్రశ్న, ఒక చప్పుడు, చేతికిచ్చిన ఒక వస్తువు, ఏదైనా.

నేను రెండు వారాలపాటు రోజుకి ఐదు లైన్లు అని పెట్టుకుని తొమ్మిది రిప్లైలు ఇచ్చాను. వాటిలో కొస ఉన్నది రెండింటిలోనే. మిగతావన్నీ "ఆవిడ నిట్టూర్చింది" బాపతు. కుర్రాడు మర్యాదస్తుడు కాబట్టి కొన్నాళ్ళు ఓర్చుకుని అన్నాడు: "అక్కా, మీరు రాస్తన్నారు గానీ ఆవిడ ఏటీ సెయ్యట్లేదు." నిజమే. చచ్చిపోయిన సీనుకి రోజూ ఐదు లైన్లు పోస్తే లేచి కూర్చోదు. ఒంట్లో బద్ధకం వల్ల ఆగినవాళ్ళకి ఈ పద్ధతి పనిచేస్తుంది. సీను చెడి ఆగినవాళ్ళకి దీనితో ఉన్న ఓపిక కూడా పోతుంది, బ్లాక్ కాస్తా బర్నౌట్ అవుతుంది. నాకు దాదాపు అదే జరగబోయింది.

అందుకే నా ఓటు మూడోదానికి, దాటేయడానికి.

ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. ఆ తర్వాత 13వ శతాబ్దంలో తిక్కన కలం పట్టి ఏం చేశాడు? ఆగినచోట నుంచి ఎత్తుకోలేదు. మిగిలిన అరణ్యపర్వాన్ని అలాగే వదిలేసి విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తి చేశాడు. ఎందుకు వదిలేశాడన్నదానికి చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. నాకు కావలసింది అంతకంటే చిన్న విషయం: ఆగిన ఆ చోటు తేలేదాకా ఆగి ఉంటే ఆ పదిహేను పర్వాలు లేవు.

ఒక సాయంత్రం అయ్యకోనేరు గట్టున కూర్చుని పలాసకి ఫోన్ చేశాను. రాసేవాళ్ళం ఫోన్‌లో మాట్లాడుకోం సాధారణంగా, అదో మొహమాటం. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. అతనికీ ఆ సీను ముందుకెళ్ళట్లేదట, నేనేమనుకుంటానో అని ఊరుకున్నాడట. ఇద్దరం ఒకరి మర్యాదకి ఒకరం కట్టుబడి పదకొండు పోస్టులు మోశామన్నమాట. ఆ రాత్రిని వదిలేసి ఆరు నెలలు ముందుకి వెళ్దామనుకున్నాం. మూడే మాట్లాడుకున్నాం. ఎంత కాలం గడిచింది, ఆ రాత్రి గురించి ఎవరికి ఎంత తెలుసు, ఇక వెనక్కి తీసుకోలేని మార్పు ఏమిటి. ఆవిడ కుడిచేతి మీద కాలిన మచ్చ, చర్మం ముడుచుకుపోయింది, అతనికి ఓడ పోయింది, వంశధార కలిసేచోట పడవ కట్టుకుని బతుకుతున్నాడు. దీపం ఎందుకు ఆరింది? కావాలనే తేల్చలేదు.

అతను ఆ రాత్రే మొదటి పోస్ట్ పెట్టాడు. సరంగు చేపల బుట్టతో లైట్‌హౌస్ కిందకి వచ్చి, పైకి చూసి, మెట్లెక్కకుండా వెళ్ళిపోయాడు. నాలుగే లైన్లు. నేను రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వుతూ టైప్ చేశాను.

దాటేయడం ఎందుకు పనిచేస్తుందంటే, ఆర్పీలో సీన్లు ఎక్కువగా ఆగేది ఇద్దరు పాత్రలకీ ఆ గదిలో ఇంక కావలసింది ఏమీ లేనప్పుడు. అవతలి పాత్ర చేత మనం ఏమీ చేయించకూడదు, మన పాత్ర ఏదైనా చేస్తే అవతలివాళ్ళు ఏమనుకుంటారో అని జంకు. ఇద్దరూ ఎదుటివాళ్ళు కదులుతారని చూస్తుంటారు. ముందుకి గెంతితే ఆ ముడి విప్పక్కర్లేదు, పైగా విప్పని ముడే తర్వాతి సీన్లకి మేత అవుతుంది. నా తూకంలోనూ ఇదే బరువు: అవతలివాళ్ళ చేతిలో కొత్త కథ మిగులుతుంది.

ఇబ్బందులు లేవనను. అవతలివాళ్ళు ఆ సీను కోసమే నెలల తరబడి ఎదురుచూసి ఉంటే అడక్కుండా దాటేయడం విస్తరి ముందు నుంచి లేపినట్టే. ప్రతి కష్టమైన సీనునీ దాటేసే అలవాటైతే కథలో సంఘటనలు ఉండవు, వాటి గురించిన జ్ఞాపకాలే ఉంటాయి. ఇక బర్నౌట్‌కి ఇది మందు కాదు. అలసిన మనిషి ఆరు నెలలు ముందుకి గెంతినా అక్కడా అలసటగానే ఉంటాడు.

మిగతావి క్లుప్తంగా. కొత్త పాత్ర మొదలుపెట్టడం: మూడు రోజులు హుషారు, నాలుగో రోజుకి బాకీల్లో ఇంకోటి చేరుతుంది. పాచికలు వేసి ఏం జరిగిందో తేల్చుకోవడం: ఇద్దరూ మొహమాటస్తులైతే మంచిదే, నెపం పాచిక మీదకి పోతుంది. నాలుగు మాటలు ఇచ్చి వాటితో రాయమనడం, అవధానంలో దత్తపదిలాగా: ఒక సాయంత్రానికి బాగుంటుంది. ఏఐ చేత రిప్లై రాయించడం: అవతలివాళ్ళకి చెప్పి చేస్తే మీ ఇష్టం, చెప్పకుండా చేస్తే వాళ్ళు నాలుగో పోస్ట్‌కల్లా కనిపెడతారు.

ఇంకో మాట. ఒక్కోసారి ఇది బ్లాకూ కాదు, బర్నౌటూ కాదు. ఆ మనిషితో రాయడం ఇష్టం లేకపోవడం. కొన్నేళ్ళ క్రితం ఒక గ్రూపులో నాతో రాసే ఒకరు నా పాత్ర చేత వాళ్ళే మాటలు చెప్పించేవారు, వాళ్ళే ఏడిపించేవారు. నేను మూడు నెలలు "నాకు రాయడం రావట్లేదు" అని బెంగపెట్టుకున్నాను. అదే నెలల్లో వేరేచోట శుభ్రంగా రాస్తూనే ఉన్నానని గమనించడానికి అంతకాలం పట్టింది. అలాంటప్పుడు పైన చెప్పినవేవీ వాడొద్దు. మీ పాత్రని రైలెక్కించే మూడు లైన్ల పోస్ట్ ఒకటి రాసి, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మా కథ ఇప్పుడు బాగానే నడుస్తోంది. నేను ఉంచుకున్నవి రెండే థ్రెడ్లు, వారానికి ఒక్క రిప్లై, ఆదివారం మధ్యాహ్నం. పోయిన నెల రాజాం నుంచి ఒక అమ్మాయి మాతో కలిసింది. పాత పోస్టులన్నీ చదువుకుని వచ్చి అడిగింది: "అప్పా, ఆ తుఫాను రాత్రి మీరు వదిలేశారు కదా, అది నేను రాయొచ్చా? దీపం పనిలో సాయం చేసే గుంటడి కళ్ళతో?"

అరణ్యపర్వంలో మిగిలినదాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించిన సంగతి ఆ పిల్లకి గుర్తుందో లేదో నేను అడగలేదు. రాయమన్నాం. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది, లైట్‌హౌస్‌కి మెట్లెన్ని అని. ఇద్దరం కలిసి అన్ని పోస్టులు ఆ మెట్లమీదే రాశాం గానీ, ఒక్కరం కూడా లెక్కపెట్టుకోలేదు.