మొటిమలకి టీ ట్రీ ఆయిల్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

రీల్స్‌లో రోజూ కనిపించే ఆ ‘నూటికి నూరు శాతం ప్యూర్’ టీ ట్రీ ఆయిల్ పేజీ మీకు తెలిసే ఉంటుంది. అక్కడ కొనకండి. పోయిన డబ్బు కన్నా వాళ్ళు ఇచ్చిన సలహాకే నా రక్తం మరిగిపోతోంది.

నాకొచ్చిన సీసా పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. డ్రాపర్ రబ్బరు అప్పటికే మెత్తబడి వేళ్ళకి జిగురుగా అంటుకుంది. లేబుల్ మీద మెలలూకా ఆల్టర్నిఫోలియా అన్న మొక్క పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరూ లేదు. ఆ క్షణమే తిప్పి పంపాల్సింది. పంపకపోవడం నా తప్పే. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే, మర్నాటికి కూడా పకోడీ పొట్లానికి అంటినట్టు జిడ్డు మరక అలాగే ఉంది. అసలైన టీ ట్రీ దాదాపు ఆనవాలు లేకుండా ఆవిరైపోతుంది. ఇందులో ఏదో మామూలు నూనె కలిపారు. పైగా టర్పెంటైన్ కంపు.

అయినా జొజొబా నూనె 19 చుక్కలకి ఇది 1 చుక్క కలిపి చూశాను, అంటే సుమారు 5 శాతం. ముంజేతి లోపలివైపు రాసిన రెండో రోజుకి ఎర్రటి దద్దు, దురద. ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు (నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చెప్పే ల్యాబ్ పరీక్ష) అడిగితే ఏదో పాత పీడీఎఫ్ పంపారు. సీసా మీద బ్యాచ్ నంబరే లేనప్పుడు ఈ రిపోర్టు దేనిదని అడిగాను. వచ్చిన జవాబు ఇదీ: “నేచురల్ కదా మేడమ్, మంట పుడుతోందంటే లోపల క్రిములు చస్తున్నట్టే. ఏమీ కలపకుండా రోజుకి మూడుసార్లు నేరుగా రాయండి.” ఆ వెంటనే బ్లాక్ చేశారు.

ఈ మాట నమ్మి పదో తరగతి పిల్లలు ముఖానికి రాసుకుంటారు! మంట అంటే చర్మం దెబ్బతింటోందని అర్థం. వెలుతురు, గాలి, వేడి తగిలిన టీ ట్రీ ఆయిల్ ఆక్సీకరణ చెంది, అందులో పెరాక్సైడ్లు, ఆస్కారిడోల్ లాంటివి పుడతాయి. అలర్జీ తెప్పించేవి ముఖ్యంగా అవే. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ వాపు మిగిల్చే నల్లమచ్చలు నెలల తరబడి పోవు. మొటిమే నయం అనిపిస్తుంది.

టీ ట్రీ మంచిదే. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద జరిగిన పరీక్షలో 5 శాతం టీ ట్రీ జెల్, మొటిమలకి మామూలుగా వాడే మందు 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, ఇబ్బందులు తక్కువ. కానీ అది 5 శాతం జెల్, నేరుగా పూసిన నూనె కాదు. నీళ్ళలో కలిపి రాయడమూ పొరపాటే. నూనె నీటిలో కలవదు, చుక్క చుక్కలాగే చర్మానికి తగులుతుంది.

కొనేవాళ్ళు ముదురు రంగు గాజు సీసా, మొక్క పేరు, బ్యాచ్ నంబరు చూసుకోండి. రిపోర్టులో అదే నంబరు ఉండాలి. టీ ట్రీ ఆయిల్ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4730 (2017) ప్రకారం అందులో ముఖ్యంగా పనిచేసే పదార్థం టెర్పినెన్-4-ఆల్ కనీసం 35 శాతం, సినియోల్ అనే మరో పదార్థం 10 శాతం లోపు ఉండాలి. సినియోల్ బాగా ఎక్కువుంటే నీలగిరి తైలం కలిపారేమో అని అనుమానించండి. ముంజేతి మీద 48 గంటలు చూడకుండా ముఖానికి వద్దు. మింగితే విషం, పిల్లలకి అందనివ్వకండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు చాట్ స్క్రీన్‌షాట్లు, సీసా ఫొటోలు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. నేను ఈ ఉదయమే చేశాను.