కంప్యూటర్ కేబినెట్ షాక్‌కు ఎర్తింగ్: కొన్నేళ్ళు వాడి చూశాక

కోనసీమలోని మా ఇంట్లో డెస్క్‌టాప్ కేబినెట్‌ను తాకినప్పుడల్లా జివ్వుమనిపించిన షాక్‌ను పూర్తిగా ఆపింది పెరట్లో గొయ్యి తీసి వేయించిన పైపు ఎర్తింగ్ ఒక్కటే. దానికి తోడుగా మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) కూడా పెట్టించాము. ఎర్తింగ్ బాగోగులు వేయించిన వారంలోనే తెలిసేవి కావు కనుక, కొన్ని వానాకాలాలూ వేసవులూ గడిచిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

షాక్ అన్నిచోట్లా ఒకేలా ఉండేది కాదు. రంగు పూసిన పక్క రేకును తాకితే ఏమీ తెలిసేది కాదు. వెనుక మరలు, యూఎస్‌బీ పోర్టు చుట్టూ ఉండే రేకు, మానిటర్ కేబుల్ బిగించే చోటు, ఇలా రంగు లేని లోహం ఎక్కడ తగిలితే అక్కడ వేలికి చీమ కుట్టినట్టు ఉండేది. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి పెన్‌డ్రైవ్ పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కోవలసి వచ్చేది. రబ్బరు చెప్పులు వేసుకుంటే తగ్గేది గాని, కేబినెట్‌లోని కరెంటు మాత్రం ఎక్కడికీ పోదు. ఇంట్లో పిల్లలు చెప్పులు వేసుకునే ముట్టుకుంటారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

దీనికి కారణం ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్ లోపల కంప్యూటర్‌కు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టె) నిర్మాణంలోనే ఉంది. కరెంటులోని అలజడిని వడకట్టడానికి అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లను కేబినెట్ లోహానికి కలుపుతారు. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే స్వల్పమైన కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద 230 వోల్టుల్లో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దరిదాపుల్లో నిలుస్తుంది. ఆ కరెంటు సాధారణంగా ఒక మిల్లీఆంపియర్ లోపే కనుక జివ్వుమనడంతో సరిపోతుంది. "ఎర్త్ లేకపోతే ఏ ఎస్‌ఎంపీఎస్ పెట్టినా ఇంతేనండి" అని మా ఎలక్ట్రీషియన్ గారు అన్నది చాలావరకు నిజం. అయితే లోపల వైరు ఒరిసిపోయి ఫేజ్ నేరుగా రేకుకు తగిలినా మొదట ఇలాగే అనిపించవచ్చు. కాబట్టి కారణం తేలేదాకా ప్లగ్గు పీకి ఉంచడమే మంచిది.

కారణం తేల్చడానికి టెస్టర్ చాలదు, ఎందుకంటే ఆ రెండు సందర్భాల్లోనూ అది వెలుగుతుంది. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి సాకెట్‌లో చూస్తే, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత ఉందో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా సుమారుగా అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. మీటరు దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు కనుక బలహీనమైన ఎర్త్ కూడా దానికి బాగానే కనిపిస్తుంది. అందుకే ఎలక్ట్రీషియన్ చేత ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టించి చూడాలి. అది మసకగా వెలిగితే ఎర్త్ పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును తప్పకుండా చూడాలి. పైన మూడు రంధ్రాలున్నా లోపల రెండు వైర్లే ఉన్న బాక్సులు బజారులో దొరుకుతూనే ఉన్నాయి.

సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తే షాక్ పోతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. దయచేసి అలా చేయించవద్దు. తుఫాను గాలులకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగడం మా ప్రాంతంలో కొత్త కాదు. అలా తెగిన మరుక్షణం, ఇంట్లో వేసి ఉన్న లైటు గుండానో ఫ్యాను గుండానో వచ్చే ఫేజ్ మొత్తం కేబినెట్ మీదికి ఎక్కుతుంది.

ఇక ఎర్తింగ్ సంగతి. గొయ్యిలో జి.ఐ. పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) నిలిపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, నీళ్ళు పోయడానికి పైన గరాటు బిగించి, చుట్టూ ఇటుకల తొట్టి కట్టించాము. డెల్టా నల్లమట్టి తేమను పట్టి ఉంచుతుంది కనుక వానాకాలంలో దాని జోలికి పోనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక నేల నెర్రెలు విచ్చే రోజుల్లో మాత్రం గరాటులో నీళ్ళు పోయాలి. మాకు ఇబ్బంది వచ్చింది పైపుతో కాదు, ఎర్త్ వైరును పైపుకు బిగించే క్లాంపుతో. ఉప్పుగాలి, గొయ్యిలోని ఉప్పు కలిసి బోల్టును తినేశాయి. పైకి బిగువుగానే కనిపించినా విప్పి చూస్తే వాషరు కింద ఎర్రటి తుప్పు పొడిగా రాలింది. కేబినెట్ మళ్ళీ సన్నగా జివ్వుమనడం వల్లనే అది బయటపడింది. బోల్టు మార్చి, గీకి శుభ్రం చేసి, గ్రీజు పూసిన తర్వాత మళ్ళీ ఆ బాధ లేదు. ఏటా వేసవి మొదట్లో ఒకసారి విప్పి చూడటం మాకు అలవాటైంది.

గొయ్యి ఒక్కటే ప్రాణాన్ని కాపాడుతుందనుకోవడం సరికాదు. దాని నిరోధం 10 ఓములు అనుకుంటే, ఫేజ్ నేరుగా రేకుకు తగిలినా భూమిలోకి పోయేది 23 ఆంపియర్లే, అంతమాత్రానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరాను ఆపే స్విచ్చు) వెంటనే పడకపోవచ్చు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే క్షణంలో పడుతుంది. మొదటి వానాకాలంలో అది మాటిమాటికీ పడి విసిగించింది. వెతికితే పెరట్లో మోటారు వైరు అతుకులోకి నీరు చేరిందని తేలింది. అతుకు సరిచేయించి, మోటారుకు విడిగా ఇంకో ఆర్‌సీసీబీ పెట్టించాము. అప్పటి నుంచి మోటారు వైపు లీకేజీ వచ్చినా కంప్యూటర్ మీద పని ఆగడం లేదు.