ఓఆర్‌ఎస్ అడిగితే జ్యూస్ పెట్టె చేతిలో పెడుతున్నారు, పిల్లలతో బయటికెళ్లేవాళ్లు చూసి కొనండి

సెలవులు మొదలయ్యాయి. అందరూ పిల్లల్ని తీసుకుని బీచ్‌కీ జూకీ పార్కులకీ తిరుగుతున్నారు. అందుకే కోపం చల్లారకముందే ఇది రాసి పెడుతున్నా. మీరు చదివి, మీ ఇంట్లో పిల్లల్ని బయటికి తీసుకెళ్లే వాళ్లందరికీ చెప్పండి, ముఖ్యంగా తాతయ్యలకీ అమ్మమ్మలకీ.

నాకు ఎదురైన విషయం ఇది. ఎండలో తిరిగిన నాలుగేళ్ల పిల్లకి వాంతి, వెనకే నీళ్ల విరేచనాలు. దారిలో కనిపించిన మెడికల్ షాపులో "మోషన్స్ అవుతున్నాయండీ, పాపకి ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అని స్పష్టంగా అడిగితే, షాపతను ఫ్రిజ్ తెరిచి ఆపిల్ బొమ్మున్న 200 మి.లీ. టెట్రా ప్యాక్‌లు తీసి బిల్లు కొట్టేశాడు. పెట్టె తిప్పి చూస్తే ఓఆర్‌ఎస్ అన్న మాట ఎక్కడా లేదు. "ఇది ఓఆర్‌ఎస్ కాదు కదా" అంటే, "అదేనమ్మా ఇదీ, పేరే మారింది. అందరూ ఇదే తీసుకెళ్తారు, పిల్లలు పేచీ పెట్టకుండా తాగుతారు" అన్నాడు. పొడి ప్యాకెట్ లేదా అని అడిగితే అప్పుడు కౌంటర్ కింద సొరుగు లాగాడు. నిండా ఉన్నాయి.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. సరుకు లేక వేరేది ఇచ్చి ఉంటే సరిపెట్టుకోవచ్చు. అసలైన మందు చేతికందేంత దూరంలో ఉంది. అడిగింది దాన్నే, అడిగింది వాంతులూ విరేచనాలూ అవుతున్న చిన్నపిల్ల కోసం. అయినా ఎక్కువ ధర ఉన్నదే చేతిలో పెట్టాడు. ఇవి వెనక్కి తీసుకోండి అంటే "ఫ్రిజ్‌లోంచి తీసినవి వాపసు తీసుకోం. మీరేమైనా డాక్టరా, అంత కూడబలుక్కుని చదువుతున్నారు?" అని పక్కనున్న వాళ్ల ముందే అన్నాడు. మందుల షాపులో నిలబడి లేబుల్ చదివే హక్కు ఎవరికైనా ఉంటుంది. చదవొద్దని విసుక్కునే షాపులో పిల్లలకి మందు కొనకండి.

ఈ పేరు గొడవ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఓఆర్‌ఎస్ కాని తియ్యటి డ్రింకుల పెట్టెల మీద ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు, దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది: పళ్ల రసాలు, శీతల పానీయాల పేర్లలో ముందూ వెనకా ఏ అక్షరం తగిలించి అయినా సరే ఓఆర్‌ఎస్ అని వాడకూడదని. ఆ అక్షరాలు పెట్టెల మీద నుంచి పోవడం పెద్ద విజయమే. కానీ కౌంటర్ దగ్గర అలవాటు పోలేదు. మనం నోటితో ఓఆర్‌ఎస్ అంటాం, వాళ్ల చేయి ఫ్రిజ్ వైపే వెళ్తుంది. అందుకని ఇక చూసుకోవాల్సింది మనమే.

ఏం చూడాలో చెప్తాను. లీటరు నీళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది: సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. అన్నీ కలిపితే 20.5 గ్రాములు. గ్లూకోజ్‌ని ప్యాకెట్ మీద డెక్స్‌ట్రోజ్ అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. నారింజ ఫ్లేవర్ కలిపిన ప్యాకెట్ ఇంకాస్త బరువుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఈ నాలుగు పేర్లూ, వాటి ఎదురుగా ఈ అంకెలూ ఉంటే అది ఓఆర్‌ఎస్.

రెండో గుర్తు ఇంకా తేలిక. నిజమైన ఓఆర్‌ఎస్ మందు కింద లెక్క. ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ అనే పేరు పక్కన ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం) అని ఉంటుంది, కింద మందుల తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. దాని బదులు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కనిపిస్తే అది ఆహార పదార్థం, అంటే తాగే డ్రింకు. మందుల షాపులో అమ్మినంత మాత్రాన మందు అయిపోదు. టెట్రా ప్యాక్‌లో ఉన్నదల్లా దొంగదనీ కాదు. సరైన లెక్కతో కలిపి నింపిన ఓఆర్‌ఎస్ కూడా టెట్రా ప్యాక్‌లో దొరుకుతుంది. కాబట్టి పెట్టె ఆకారం చూసి నిర్ణయించుకోకుండా వెనక ఉన్న అంకెలు చూడండి.

పోషకాల పట్టిక మాత్రమే ఉన్న పెట్టె అయితే రెండు వరుసలు చాలు. 100 మి.లీ.కి సోడియం దాదాపు 170 మిల్లీగ్రాములు ఉండాలి, గ్లూకోజ్ 1.35 గ్రాములు దాటకూడదు. నాకు అంటగట్టిన పెట్టె మీద చక్కెర 100 మి.లీ.కి 8 గ్రాముల పైన ఉంది. అంటే ఒక పెట్టె మొత్తం తాగితే 16 గ్రాముల పైమాటే. అదే 200 మి.లీ. ఓఆర్‌ఎస్‌లో ఉండేది 2.7 గ్రాములు.

"కాస్త తీపి ఎక్కువైతే ఏమైంది, ఓపిక వస్తుంది కదా" అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లే అంటారు. విరేచనాల్లో ఆ తీపే నష్టం చేస్తుంది. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. రెండూ ఒక కొలతలో ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఉప్పు తక్కువై చక్కెర ఎక్కువైతే ఒంటికి ఎక్కని చక్కెర పేగులో ఉండిపోయి, ఒంట్లో ఉన్న నీళ్లనే పేగులోకి లాగుతుంది. మోషన్ ఇంకా పలచగా, ఇంకా ఎక్కువగా అవుతుంది. పిల్ల దాహంతో ఇంకో పెట్టె అడుగుతుంది, రుచిగా ఉంది కాబట్టి గటగటా తాగేస్తుంది, తాగింది కదా అని మనం ధైర్యంగా ఉంటాం. ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గిపోతూ ఉంటాయి.

ఓఆర్‌ఎస్ లెక్కనే 2002లో మార్చారు. అంతకుముందు లీటరుకి 20 గ్రాముల గ్లూకోజ్ ఉండేది. దాన్ని 13.5కి తగ్గించి, ద్రావణాన్ని పలచన చేశారు. పలచగా ఉంటే విరేచనాలూ వాంతులూ తగ్గుతున్నాయనీ, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం తక్కువ పడుతోందనీ తేలాకే ఆ పని చేశారు. 20 గ్రాములే ఎక్కువని తగ్గించిన చోట లీటరుకి 80 గ్రాముల చక్కెర ఉన్న డ్రింకుని "అదే ఇదీ" అని ఇవ్వడం ఎంత తప్పో ఆలోచించండి.

గ్లూకోజ్ డబ్బా పొడి కూడా దీని బదులు పనికిరాదు, అందులో కావలసినంత ఉప్పు ఉండదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది కానీ సోడియం తక్కువ. మామూలు ఎండకి ఎంత మంచివైనా నీళ్ల విరేచనాలకి ఓఆర్‌ఎస్ స్థానంలో ఇవ్వకండి. ఇంకో మాట, ఆడుకుంటూ చెమట పట్టిన ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఓఆర్‌ఎస్ కూడా అక్కర్లేదు. మంచినీళ్లు, ఉప్పేసిన పలచటి మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు చాలు. అడక్కపోయినా ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు తాగించండి, ఆటలో పడితే పిల్లలకి దాహం గుర్తుండదు. ఆరు నెలల లోపు పిల్లలకి ఎంత ఎండైనా తల్లిపాలే, విడిగా నీళ్లు పట్టకూడదు. పాలు మాత్రం మామూలు కంటే ఎక్కువసార్లు పట్టాలి.

సరైన ప్యాకెట్ కొన్నాక కూడా కలపడంలో చాలామంది తప్పు చేస్తున్నారు. షాపుల్లో రెండు సైజులు ఉంటాయి, 21 గ్రాములకి అటూ ఇటూగా ఉండే పెద్దది లీటరు నీళ్లకి, 4 గ్రాములకి కొంచెం పైన ఉండే చిన్నది 200 మి.లీ.కి. బయట తిరిగేటప్పుడు చేతిలో అర లీటరు సీసా ఉంటుంది, పెద్ద ప్యాకెట్ చింపి అందులో పోసేస్తారు. అప్పుడు ఉప్పు రెట్టింపవుతుంది. పిల్ల రక్తంలో సోడియం పెరిగిపోతే అది ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం. చిన్న ప్యాకెట్‌ని లీటరు సీసాలో వేస్తే పలచనైపోయి పని చేయదు. పెద్ద ప్యాకెట్‌లో సగం ఇప్పుడు, సగం తర్వాత అని కూడా కలపొద్దు. పొడిలో లవణాలన్నీ సమానంగా సర్దుకుని ఉండవు, ఏ సగంలో ఏది ఎక్కువ పడిందో కంటికి తెలీదు.

బయట ఉన్నప్పుడు తేలికైన పద్ధతి: సీలున్న లీటరు వాటర్ బాటిల్ కొనండి. అందులోంచి ఒక గ్లాసు శుభ్రమైన గ్లాసులోకి వంచి పెట్టుకోండి, లేకపోతే ఊపడానికి చోటుండదు. పొడి మొత్తం వేసి, మూత బిగించి, అడుగున గింజ కనిపించనంత వరకు ఊపండి. వంచిన నీళ్లు మళ్లీ అందులోనే పోసి ఇంకోసారి ఊపండి. చక్కెర, నిమ్మరసం, పాలు, జ్యూస్ ఏదీ కలపొద్దు. కలిపిన టైము బాటిల్ మీద పెన్నుతో రాయండి, 24 గంటలు దాటితే పారబోయండి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. పిల్లకి పట్టే ముందు మీరు ఒక గుక్క రుచి చూడండి. కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి, అంతకన్నా ఎక్కువ ఉప్పగా ఉంటే కొలత తప్పినట్టే. జ్యూస్‌లా తియ్యగా ఉంటే అది ఓఆర్‌ఎస్ కాదు.

పట్టడం కూడా ఒక పద్ధతిలో జరగాలి. రెండేళ్ల లోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటినవాళ్లకి 100 నుంచి 200 మి.లీ. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక టీస్పూన్ చొప్పున మొదలెట్టండి. గ్లాసు నోటికి పెట్టేస్తే దాహానికి ఒక్కసారిగా తాగేసి మళ్లీ కక్కుతారు, మనం ఓఆర్‌ఎస్ పడలేదు అనుకుని ఆపేస్తాం. స్పూన్‌తో పడితే చాలా మటుకు నిలుస్తుంది. ఓపిక కావాలి, అంతే. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. విరేచనాలకి ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా 14 రోజులు వాడాలి, మోతాదు డాక్టర్‌ని అడగండి.

ఇక ఓఆర్‌ఎస్ ఎక్కడా దొరకని చోట ఉంటే, లీటరు శుభ్రమైన నీళ్లలో గీసిన కొలతతో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. గీసిన కొలత అంటే స్పూన్ మీద గుట్టగా లేకుండా చాకు వెనక వైపుతో గీసేయాలి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్ దొరికేదాకా మాత్రమే.

ఇంట్లో కూర్చుని ఓఆర్‌ఎస్‌తో సరిపెట్టుకోకూడని పరిస్థితులూ ఉన్నాయి. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఏడ్చినా కన్నీళ్లు లేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకోవడం, మత్తుగా పడి ఉండి తాగలేకపోవడం, మోషన్‌లో రక్తం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. ఒళ్లు కాలిపోతూ పిల్ల పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకండి. నీడకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఊరు దాటేముందే మీ వీధిలో తెలిసిన షాపులో లీటరు ప్యాకెట్లు రెండు కొని డైపర్ బ్యాగులోనో హ్యాండ్‌బ్యాగులోనో వేసుకోండి, ఒక టీస్పూన్ కూడా. ఇరవై పాతిక రూపాయల వస్తువు అది. ఎక్స్‌పైరీ తేదీ చూడండి, పొడి గడ్డకట్టి రంగు మారితే వాడకండి. షాపులో అడిగేటప్పుడు "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అని ఊరుకోకుండా "ఐ.పి. అని రాసున్న పొడి ప్యాకెట్, లీటరుది" అని అడగండి. డబ్బులిచ్చే ముందే వెనక చదవండి, వెనక క్యూ ఉన్నా సరే.

ఎవరైనా మీకూ ఇలాగే అంటగడితే బిల్లు తీసుకుని, పెట్టె ముందూ వెనకా, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పెట్టె మీద ఇంకా ఓఆర్‌ఎస్ అక్షరాలున్న పాత సరుకు కనిపిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. నా బిల్లూ ఫొటోలూ నేను పంపుతున్నాను.